ఏడు మాటలు లేని గుడ్‌ఫ్రైడే

మెక్సికోలో ఈస్టరు చూడాలంటే గుడ్‌ఫ్రైడేకి ఒకరోజు ముందు వెళ్లి ఆదివారం తిరిగొచ్చేస్తే చాలని చాలామంది అనుకుంటారు. శాన్ మిగేల్ దె అయెందె ఊరికి ఆ లెక్క కుదరదు. అక్కడ పండగ ఈస్టరుకి రెండు వారాల ముందే, ఒక శనివారం అర్ధరాత్రి మొదలవుతుంది. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది కాబట్టి మేము ఏప్రిల్ మొదటి వారంలోనే అక్కడికి చేరాం. మేము అంటే నేనూ, గుంటూరు నుంచి డాలస్‌లో నా దగ్గరికి వచ్చి ఉన్న మా అమ్మా. నా ఉద్యోగం ఎక్కడ కూర్చుని చేసినా సాగేదే కాబట్టి లాప్‌టాప్ కూడా మాతో బయల్దేరింది.

అమ్మ గురించి ముందే కొంత చెప్పాలి. మాది లూథరన్ కుటుంబం. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ చర్చిల్లో మూడు నాలుగు తరాలుగా పాటలు పాడుతున్నవాళ్లం. ఇంట్లో విగ్రహం అనేది ఉండదు, గోడకి వాక్యాల క్యాలెండరు మాత్రం ఉంటుంది. గుడ్‌ఫ్రైడే అంటే తెల్లచీర కట్టుకుని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో కూర్చోవడం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఒక్కోదాని మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు. మధ్యమధ్య పాటలు, బయట ఎండ, లోపల చెమట. మూడు గంటల సేపు మేము చేసేది వినడమే. అలాంటావిణ్ణి, విగ్రహాల్ని భుజాన మోసుకు తిరిగే ఊరికి తీసుకెళ్తున్నానని నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. "చూడ్డానికే కదా, మొక్కడానికి కాదుగా" అని అమ్మే తేల్చేసింది.

వీసా సంగతి క్లుప్తంగా చెప్తాను. భారతీయ పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు గానీ, చేతిలో గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అమ్మకి విజిటర్ వీసా, నాకు గ్రీన్‌కార్డు, రెండూ పనికొచ్చాయి. హెచ్‌1బీ మీద ఉండి స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు మాత్రం ఆమోదపత్రాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు. పెద్దవాళ్లని తీసుకెళ్తే వాళ్ల ఐ-94 తేదీ, అంటే అమెరికాలో ఉండడానికి ఇచ్చిన గడువు, తిరుగు ప్రయాణం దాకా ఉందో లేదో చూసుకోండి. డాలస్ నుంచి కెరేతారోకి నేరుగా విమానం ఉంది, అక్కణ్ణుంచి వ్యానులో వెళ్లాం. మెక్సికోలో చాలా చోట్ల ఎండాకాలంలో గడియారం ముందుకి జరిపే పద్ధతిని 2022లో ఎత్తేశారు. అందుకని ఏప్రిల్‌లో డాలస్ కన్నా గంట వెనక ఉంటారు. తొమ్మిదింటి మీటింగుకి నేను ఎనిమిదింటికే కూర్చునేదాన్ని, మధ్యాహ్నం నాలుగింటికల్లా పని అయిపోయేది. ఈ ఒక్క గంట కలిసిరావడం వల్లే సాయంత్రాలన్నీ మావయ్యాయి.

శాన్ మిగేల్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో, గ్వనహ్వాతో రాష్ట్రంలో ఉంది. మెక్సికో స్వాతంత్ర్య పోరాటంలో ముందు నిలిచిన ఇగ్నాసియో అయెందె 1769లో పుట్టింది ఇక్కడే, ఊరి పేరు చివర ఉన్నది ఆయన పేరే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నడిబొడ్డున గులాబీ రంగు రాతి చర్చి, పరోకియా, ఆకాశంలోకి గుచ్చినట్టుంటుంది. చర్చి పాతదే అయినా ఇప్పుడు ఫొటోల్లో కనపడే ఆ ముఖభాగాన్ని 1880ల్లో సెఫెరీనో గుతియెరెస్ అనే మేస్త్రీ కట్టాడు. యూరప్ చర్చిల బొమ్మలున్న కార్డులు చూసి కట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. వీధులన్నీ ఎగుడుదిగుడు, కింద గుండ్రాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చదును నేల మీద, పరోకియాకి దగ్గర్లో ఇల్లు చూసుకోవాలి. ఆ కొండ వీధుల్లో పైన ఉండే ఇళ్లు చవకగా దొరుకుతాయి గానీ రోజూ ఎక్కి దిగడం పెద్దవాళ్ల వల్ల కాదు.

ముందు అతొతొనిల్కో చూడమని మేము దిగిన ఇంటి ఓనరావిడ చెప్పింది. ఊరికి 14 కిలోమీటర్ల దూరంలో, ఎండిపోయిన పొలాల మధ్య ఉన్న చిన్న పల్లె అది. 1740లో లూయిస్ ఫెలిపె నేరి దె అల్ఫారో అనే ఫాదర్ అక్కడ ఒక క్షేత్రం మొదలుపెట్టాడు. బయటి నుంచి చూస్తే తెల్లటి కోటగోడలాంటి కట్టడం. లోపలికి అడుగుపెడితే గోడా, కప్పూ అంగుళం ఖాళీ లేకుండా బొమ్మలూ, పద్యాలూ. పొకసాంగ్రె అనే చిత్రకారుడు ఏళ్ల తరబడి వేసినవి. 1810 సెప్టెంబరు 16న హిదాల్గో ఫాదర్ తిరుగుబాటు దండుతో వెళ్తూ గ్వదలూపె మాత పటాన్ని ఇక్కణ్ణుంచే జెండాగా ఎత్తుకున్నాడు. ఇప్పటికీ తపస్సుకని పల్లెల నుంచి జనం వచ్చి, చర్చి పక్కనున్న ఇంట్లో కొన్ని రోజులు మౌనంగా ఉండి వెళ్తారు. బయట కొట్లలో ముళ్ల కిరీటాలూ, ఒళ్లు కొట్టుకునే తాళ్ల కొరడాలూ అమ్ముతున్నారు. అమ్మ ఒక కొరడా చేతిలోకి తీసుకుని ముడులు తడిమి చూసి, మాట్లాడకుండా పెట్టేసింది.

ఆ క్షేత్రంలో సెన్యోర్ దె లా కొలుమ్నా అనే విగ్రహం ఉంది. స్తంభానికి కట్టి కొరడాలతో కొట్టిన యేసు. ఈస్టరుకి రెండు వారాల ముందు వచ్చే శనివారం అర్ధరాత్రి ఆయన్ని పల్లకి మీద ఎత్తుకుని, లాంతర్లతో, పాటలతో రాత్రంతా నడిచి తెల్లారేసరికి శాన్ మిగేల్ చేరుస్తారు. వేలమంది వెంట నడుస్తారు. అమ్మతో అంత దూరం కుదరదు కాబట్టి మేము నాలుగింటికి లేచి, ఊరి మొదట్లో ఉన్న ఇందెపెందెన్సియా వీధికి వెళ్లి నిలబడ్డాం.

రెండు వారాల్లో నాకు బాగా నచ్చిన గంట అదే. ఊరేగింపు ఇంకా రాలేదు. ఆ వీధిలో ఇళ్లవాళ్లెవరూ పడుకోలేదు. తాతలు కుర్చీల్లో కూర్చుని పురమాయిస్తుంటే, పిల్లలు రంగుల రంపపు పొట్టు పోసి రోడ్డు మధ్యలో సిలువలూ పువ్వులూ దిద్దుతున్నారు. వాటి చుట్టూ చామంతి జాతి చిన్న తెల్లపూలూ, సోంపు మొక్క ఆకులూ పరిచారు. తలపైన వంగపండు రంగు, తెలుపు కాగితపు తోరణాలు. చలికి దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్లు పెద్ద గిన్నెల్లో వేడి అతోలె కలుపుతున్నారు, మొక్కజొన్న పిండి జావ. అడక్కుండానే మాకూ గ్లాసులు ఇచ్చారు. రాత్రంతా కూర్చుని చేసిన ఈ ముగ్గంతా కాసేపట్లో కాళ్ల కింద నలిగిపోవడానికే చేస్తున్నారని అప్పటికి నాకు తెలుసు. అయినా ఒక కుర్రాడు సిలువ అంచు వంకరైందని చెరిపి మళ్లీ పోస్తుంటే చూస్తూ ఉండిపోయాను.

తెలతెలవారుతుండగా టపాకాయలు పేలాయి. ఈ ఊళ్లో దేవుడికి సంబంధించిన ఏ పనైనా ఆకాశంలోకి తారాజువ్వ వదలనిదే జరగదు. చెవులు గింగుర్లెత్తాయి. జనం అడుగు పడేకొద్దీ సోంపాకు నలిగి వీధంతా ఘుమఘుమలాడింది. పల్లకి మీద యేసు ఎక్కడా కనపడలేదు, ఒంటినిండా పట్టుగుడ్డలు చుట్టేసి ఉన్నాయి. దారిలో దెబ్బ తగలకుండా చుట్టేవి కొన్నీ, భక్తులు మొక్కుగా ఇచ్చినవి కొన్నీ. వెనక మరియమ్మ, పక్కన శిష్యుడు యోహాను, వాళ్ల పల్లకులు వేరే. అమ్మ నా చెయ్యి గిల్లింది. "ముగ్గురే ఉన్నారు చూడవే. ఇది మూడో మాట." తల్లిని శిష్యుడికి అప్పగించే ఆ మాట మీద ప్రసంగం ఆవిడ ఏటా వింటోంది. విగ్రహాలంటే పడని మనిషికి విగ్రహాలు అర్థం కావడం అక్కడ మొదలైంది. గుడ్డలు విప్పాక వీపు మీది గాయాలు చూసి మాత్రం మొహం తిప్పుకుంది. "ఇంత రక్తం దేనికి?" అంది. ఊరేగింపు శాన్ హువాన్ దె దియోస్ చర్చికి వెళ్లిపోయింది, మేము ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోయాం.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు శుక్రవారాన్ని దొలోరెస్ శుక్రవారం అంటారు. మరియమ్మ దుఃఖానికి కేటాయించిన రోజు. మేము ఇంట్లో దిగేసరికే వంటింటి మెట్ల కింద చీకట్లో మట్టి మూకుళ్లలో గోధుమ మొలకలు ఉన్నాయి. ఎండ తగలకుండా పెంచితే పచ్చగా కాక లేత పసుపు రంగులో, పట్టుకుచ్చులా వస్తాయి. శుక్రవారం పొద్దున ఇంటావిడ హాల్లో మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, వంగపండు రంగు గుడ్డ కప్పి, పైన మరియమ్మ పటం పెట్టింది. కింద ఆ మొలకలు, చామంతిపూలు, రంగునీళ్ల గాజు కూజాలు, కొవ్వొత్తులు. ఇక పుల్లనారింజకాయలు. ఒక్కోదానికి బంగారు కాగితంతో చేసిన చిన్న జెండా గుచ్చాలి. కాయ చేదు తల్లి దుఃఖానికి, బంగారు జెండా రాబోయే పునరుత్థానానికి గుర్తట. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, అమ్మకి స్పానిష్ రాదు. నేను మీటింగులో ఉండి తొంగి చూసేసరికి అమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని, బుట్టెడు కాయలు ముందేసుకుని జెండాలు గుచ్చుతోంది. తర్వాత అడిగితే, "నారింజకాయకి జెండా గుచ్చడంలో విగ్రహారాధన ఏముందే" అంది.

చీకటి పడ్డాక ఊళ్లో ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. వీధి కిటికీల్లో, వాకిళ్లలో, నీళ్ల తొట్ల దగ్గర, ఎక్కడ చూసినా ఇలాంటి పీఠాలే. జనం ఇంటింటికీ తిరుగుతూ, "మరియమ్మ ఏడ్చిందా?" అని అడుగుతారు. "ఏడ్చింది" అని చెప్పి ఆ ఇంటివాళ్లు గ్లాసుడు తియ్యటి నీళ్లో, పుల్ల ఐసో చేతిలో పెడతారు. అవే ఆవిడ కన్నీళ్లు. ఎక్కువ ఇళ్లలో ఇచ్చింది బీట్‌రూట్ నీళ్లు. అందులో నారింజ, అరటిపండు ముక్కలు, వేరుశెనగపప్పు, సన్నగా తరిగిన లెట్యూస్ ఆకు కూడా తేలుతుంటాయి. వినడానికి వింతగా ఉంది గానీ చాలా బావుంది. గుంటూరులో శ్రీరామనవమి పందిళ్ల దగ్గర కులం, మతం అడక్కుండా పోసే పానకం నాకు గుర్తొచ్చింది. ఆ సంవత్సరం శ్రీరామనవమి ఏప్రిల్ 6, సరిగ్గా కొలుమ్నా ఊరేగింపు ఊళ్లోకొచ్చిన ఆదివారమే. ఇంటావిడకి ఇది చెప్పాలని, మర్నాడు బజారులో పిలోన్సియో అనే అచ్చు బెల్లం కొని, మిరియాలు, యాలకులు వేసి పానకం చేశాను. ఆవిడ ఒక గుక్క తాగి మిరియాలకి దగ్గి, రెండో గ్లాసు అడిగింది.

నన్నడిగితే ఈ ఊరికి ఈ శుక్రవారం కోసమే రావాలి. గుడ్‌ఫ్రైడే ఊరేగింపుని తాళ్ల వెనక నిలబడి చూస్తాం. ఈ రోజు మాత్రం ఊరు మనల్ని ఇంట్లోకి పిలుస్తుంది. పైగా గదుల ధరలు అప్పటికింకా రెట్టింపు కావు.

మట్టల ఆదివారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన దగ్గర ఈతమట్టలు పట్టుకుంటాం, ఇక్కడ వాటిని సిలువలుగా, పువ్వులుగా అల్లి అమ్ముతారు. అమ్మ రెండు కొంది. ఆ మర్నాటి నుంచి మెక్సికో సిటీ కార్లతో ఊరు నిండిపోయింది. దేశమంతా బడులకి సెలవలు. హోటళ్లలో టేబుల్ దొరకదు, టాక్సీ దొరకదు, రాత్రి టపాకాయలకి నిద్రా పట్టదు.

తిండి విషయంలో మనవాళ్లకి ఈ రోజులే మేలు. లెంటు, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాస కాలం, కాబట్టి ఎక్కడ చూసినా మాంసం లేని వంటలే. చీజ్ కూరి వేయించిన పెద్ద మిరపకాయలు, నాగజెముడు కూర, ఎండు బఠాణీలాంటి బాకలా గింజల సూప్, రొట్టె ముక్కల్ని బెల్లం పాకంలో నానబెట్టి చీజూ, కిస్‌మిస్, వేరుశెనగపప్పూ వేసి చేసే కపిరొతాదా. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. పక్కా శాకాహారులైతే చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు, అన్నంలో కోడి రసం వేశారేమో అడిగి తినాలి. లెంటులో కూడా చాలా వంటిళ్లలో ఇవి మామూలే. ఎర్రటి హమైకా షర్బత్ తాగి అమ్మ, "ఇది గోంగూర పులుపే" అంది. నిజమే, ఆ ఎండు రేకులు ఎర్ర గోంగూర మొక్కవే.

గుడ్‌ఫ్రైడే ముందురోజు గురువారం, పూజలో గ్లోరియా పాట అయ్యాక చర్చి గంటలు మూగబోతాయి. శనివారం రాత్రి దాకా మోగవు. జనాన్ని పిలవడానికి మత్రాకా అనే చెక్క గిలక తిప్పుతారు, కటకటమని ఎండుకర్రలు విరుస్తున్న చప్పుడు. ఆ రాత్రి ఏడు చర్చిలు తిరగడం ఆచారం. శాన్ మిగేల్‌లో ఇది తేలిక, పరోకియా, దాని పక్కనే శాన్ రఫాయేల్, తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో, ఒరతోరియో, లా సలూద్, లాస్ మోంహాస్ లాంటివన్నీ నడక దూరంలోనే. ఒక్కోచోట కాసేపు కూర్చుని లేవడం. గుమ్మాల దగ్గర చిన్న చిన్న రొట్టెలూ, చామంతిపూల కట్టలూ అమ్ముతున్నారు. కాళ్లు పీకుతున్నా అమ్మ లెక్క తప్పకుండా ఏడూ తిరిగింది. "ఏడు అన్నాక ఏడే" అంది.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. గుంటూరులో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు అంటే ఇక్కడ గురువారం అర్ధరాత్రి దాటి అరగంట. అమ్మ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఫోన్‌లో మా చర్చి లైవ్ పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. నేను మూడో మాట దాకా మేలుకుని పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఏడో మాట అయిపోయింది, ఆవిడ చివరి పాట గొంతు తగ్గించి తనూ పాడుతోంది. బయట వీధిలో ఎవరో మత్రాకా తిప్పుతూ పోతున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పరోకియా ముంగిట, సిలువ మోసే యేసూ తల్లీ ఎదురుపడే ఘట్టం జరిగింది. రెండు విగ్రహాల్ని రెండు వైపుల నుంచి నడిపించుకొస్తారు. ఎండ మండిపోతోంది, మేము చెట్టు నీడ వెతుక్కునే సరికి సగం అయిపోయింది. సాయంత్రం జరిగిన భూస్థాపన ఊరేగింపు దగ్గర మాత్రం ముందే వెళ్లి గోడవారన చోటు పట్టుకున్నాం. మగవాళ్లు నల్లసూట్లు, ఆడవాళ్లు నల్లగౌన్లూ తలల మీద నల్ల లేసు ముసుగులూ. అద్దాల పెట్టెలో యేసు దేహం. పెట్టె వెనక పల్లకుల్ని మోసేది చాలావరకు ఆడవాళ్లే, ఆ గుండ్రాళ్ల మీద మడమల చెప్పులతో. అడుగు తీసి అడుగు వెయ్యడం కాదు, అందరూ ఒక్కలాగా ఇటూ అటూ ఊగుతూ జానెడు ముందుకి జరుగుతారు. ఎవరూ ప్రసంగించరు. డప్పు ఒకటి మోగుతుంది, అప్పుడప్పుడు కోయిర్, మిగతాదంతా చెప్పుల రాపిడి. పల్లకి ఆగినప్పుడు కింద ఊతకర్రలు నిలబెట్టి, భుజం కింద మడతపెట్టిన గుడ్డ సర్దుకుని, పక్క మనిషి మొహం చెమట తుడుస్తున్నారు. నా ముందు ఒకమ్మాయి భుజం ఎర్రగా కమిలిపోయి ఉంది.

అంత నలుపులో అమ్మ ఒక్కతే తెల్లచీరతో నిలబడింది. ఒక ముసలావిడ ఆ చీర చూసి తన మడత కుర్చీ ఇవ్వబోయింది, అమ్మ వద్దంది, కాసేపు తోసుకుని చివరికి ఇద్దరూ నిలబడే ఉన్నారు.

తిరిగొస్తుంటే అమ్మ అంది: "మనకి ఏడో మాటతో అయిపోతుంది. మూడింటికి ప్రాణం విడిచాడని చెప్పగానే చెప్పులేసుకుని ఇంటికి పోతాం. తర్వాత ఆ శరీరాన్ని ఎవరు దించారు, ఎవరు మోశారు అన్నది ఎవరూ ప్రసంగంలో చెప్పరు. వీళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టారు." కాస్త నడిచాక, "అయినా ఒక్క వాక్యం కూడా చదవకపోతే ఎట్లా" అని కూడా అంది. రెండూ ఆవిడ మనసులోంచి వచ్చినవే.

గుంటూరు ఈస్టరు ఆరాధన శనివారం సాయంత్రానికే ఫోన్‌లో వచ్చేసింది కాబట్టి ఆదివారం అమ్మ తీరిగ్గా ఉంది. మధ్యాహ్నం పరోకియా ఎదుట తోట పక్కన, యేసుని పట్టించిన శిష్యుడు యూదా దహనం. వీధికి అడ్డంగా కట్టిన తాళ్లకి మనిషెత్తు కాగితపు బొమ్మలు వేలాడుతున్నాయి. కొమ్ముల దెయ్యాలు, పొట్టల రాజకీయ నాయకులు, లిప్‌స్టిక్ పూసుకున్న ఆడబొమ్మలు, అందరూ యూదాలే. నడుముకి కట్టిన టపాకాయలు అంటించగానే బొమ్మ గిర్రున తిరుగుతుంది, తిరిగి తిరిగి ఢామ్మని పేలిపోతుంది. ఊడిపడ్డ చెయ్యికో తలకో పిల్లలు ఎగబడతారు. వారమంతా నల్లబట్టల్లో ఉన్న జనం కేకలు, ఈలలు. ఒక నాయకుడి బొమ్మ తల పేలకుండా అలాగే వేలాడుతుంటే ఊరు ఊరంతా ఎగతాళి చేసింది. అమ్మ చెవులు మూసుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. రెండు వారాల్లో ఏ మినహాయింపూ లేకుండా ఆవిడకి నచ్చింది ఇదొక్కటే.

సోమవారం పొద్దున విమానాశ్రయానికి వెళ్తుంటే వ్యాను రేడియోలో పోప్ ఫ్రాన్సిస్ చనిపోయిన వార్త. డ్రైవరు సిలువ గుర్తు వేసుకుని రేడియో శబ్దం పెంచాడు. కెరేతారో దాకా ఎవరం మాట్లాడుకోలేదు.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం: 2027లో ఈస్టరు మార్చి 28న. అంటే కొలుమ్నా ఊరేగింపు మార్చి 13 రాత్రి బయల్దేరి 14 తెల్లవారుజామున ఊళ్లోకొస్తుంది, దొలోరెస్ శుక్రవారం 19న. ఒక్క వారమే సెలవు దొరికితే 13 నుంచి 20 దాకా తీసుకోండి. గుడ్‌ఫ్రైడే వారమే కావాలంటే ఇల్లు ఆరేడు నెలల ముందు చూసుకోవాలి. రాళ్ల వీధుల్లో నడవడానికి మందపాటి అడుగున్న బూట్లు, తెల్లవారుజామున చలికి స్వెటరు తప్పనిసరి. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లు చెవుల్లో పెట్టుకోవడానికి దూది తీసుకెళ్లండి, అక్కడ దేవుడు పొద్దున్నే లేస్తాడు.